మేకు

ముప్పై ఒక్క పెట్టెలతో దిగింది మా కొత్త దొరసాని.
ముప్పైలో పట్టు, లేసు, ఈకల టోపీలు.
ముప్పై ఒకటోది ఎత్తబోయి
ఇద్దరు బండివాళ్లు నడుం పట్టుకున్నారు.
మూత తీస్తే మేకులు.
వీలింగ్ ఊళ్లో వాళ్ల నాన్న ఫ్యాక్టరీ మేకులు,
ఇంకా నూనె వాసన పోనివి,
కూతురికి అరణం.

పేరు గొప్పే మాది.
మొరేవియా కొండల్లో నాలుగొందల ఏళ్ల దివాణం.
వాన పడితే మాత్రం విందుల గదిలో
వెండి గిన్నెలు నేలమీద పరిచేవాళ్లం,
సూప్ కోసం కాదు, చూరు కోసం.
ఆమె వచ్చిన ఏడు
ఆ గిన్నెలు మళ్లీ బల్ల ఎక్కాయి.

వియన్నా దర్బారు నుంచి ఆమెకి పిలుపు రాలేదు.
అటు ఎనిమిది, ఇటు ఎనిమిది,
తాతల తాతలు పదహారుమందీ దొరబిడ్డలైతేనే
ఆ గడప దాటనిస్తారట.
నేను తల దువ్వుతుంటే అద్దంలో లెక్కపెట్టేది:
"అపొలేనా, ఒకాయన కమ్మరి.
ఒకాయన ఓడ దిగుతూ పేరు మార్చుకున్నాడు.
ఒకావిడ, పాపం, పేరే తెలీదు.
మిగతా పదమూడు మందీ పొగలో ఉన్నారు."
తనే నవ్వేది.
నా పళ్ల మధ్య పిన్నులు. నవ్వడానికి లేదు.

అత్తగారు వాల్‌బుర్గా దొరసానిది మంచు మర్యాద.
తిట్టదు.
ఉప్పు అందించమనీ అడగదు.
ఇద్దరు మనవల్ని ఒళ్లో ఆడించాక కూడా
కోడల్ని "మిస్" అనే పిలిచేది.

ఒక రాత్రి ఏదో చప్పుడైతే దీపం పట్టుకుని వెళ్లాను.
వంశం వాళ్ల పటాల వరసలో,
ఇనుప కవచాలకీ మెలితిరిగిన మీసాలకీ నడుమ,
కుర్చీ ఎక్కి, రాత్రి గౌనులో,
బూటు మడమతో మేకు కొడుతోంది.
వాళ్ల నాన్న ఫోటో.
చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాడు.
తెల్లారేసరికి ఫోటో లేదు.
మేకు రాలేదు.
ముగ్గురు నౌకర్లు పటకార్లతో పెనుగులాడారు,
నేను కళ్లారా చూశాను.

తర్వాత యుద్ధం.
దొరగారిని మింగింది, లాయంలో గుర్రాల్ని మింగింది,
చర్చి గంటని కరిగించుకుని మింగింది.
చక్రవర్తి వెళ్లిపోయాడు.
డిసెంబరులో ప్రాగ్ నుంచి ఒక కాగితం వచ్చింది:
ఇకమీదట ఈ దేశంలో దొరలు లేరు, దొరసానులు లేరు.

ఆమె రైలెక్కి తన దేశం వాళ్ల ఆఫీసుకి వెళ్లింది.
మీసం రాని గుమాస్తా పుస్తకం తిరగేసి చెప్పాడట:
పరదేశిని చేసుకున్నప్పుడే మా లెక్కలోంచి పోయారమ్మా.
ఆయన పోయిన ఏడాదిలోగా వచ్చి రాయించుకోవాల్సింది.
నాలుగేళ్లయింది కదా.
తిరిగొచ్చి గొడుగు ఆరబెట్టింది.
"అక్కడా మనిషిని కాదట," అంది.
"ఇవాళ ఏం వండారు?"
బంగాళాదుంపలు, అన్నాను. రోజూ అవే.

ఆ సాయంత్రం పెద్ద దొరసాని
చల్లారిన పొయ్యి ముందు కూర్చుని
దుప్పటి అంచున కుట్టిన కిరీటాల్ని
సూదిమొనతో ఒక్కో పోగే విప్పుతోంది.
తలెత్తకుండా అడిగింది:
"ఉత్త పేరుతో ఎలా బతుకుతారు?"
మా దొరసాని ఎదురుగా చతికిలబడి
ఇంకో దుప్పటి ఒళ్లోకి లాక్కుంది.
"సంతకం తొందరగా అయిపోతుంది."

సూదులకి చప్పుడుండదు అంటారు.
ఆ గదిలో ఉంది.

చాలాసేపయ్యాక,
ఇరవై రెండేళ్లయ్యాక,
"నీ పుట్టింటి పేరేమిటి?"
"థార్న్‌బరో."
"తోర్న్... సోర్న్‌బురో."
రెండుసార్లూ తప్పే.
మా దొరసాని దిద్దలేదు.
కత్తెర నా దగ్గరుంది. చెయ్యి చాపితే ఇచ్చాను.