ఉత్తగ

మా దిక్కు ఒక్కటే మాట రెండు పనులు చేస్తది.
ఉత్తగ ఇచ్చిండంటే పైసలు తీసుకోలేదని,
ఉత్తగ కూసున్నడంటే పనేం లేదని.
నేను ఉత్తగ ఇచ్చిన గనుక
ఉత్తగ కూసున్ననుకుంటరు రాణిగంజ్‌ల.

నట్లు బోల్టుల దుకాణాలకు
సరుకు లెక్క చూసే ప్రోగ్రాం నాది.
బోయిగూడల మూడో అంతస్తు గదిల
రెక్క వంగిన ఫ్యాను టక్కుటక్కుమంటుంటె
రెండేండ్లు కూసోని రాసిన.
రాసి, తాళం వెయ్యకుండ వదిలిన.
ఎవరన్న తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు.
నా పేరు చెరపొద్దు.
చెడిపోతె నన్నడగొద్దు.
ఆ ఆఖరి మాట అందరూ ఒప్పుకుంటరు,
మార్చి ముప్పై ఒకటి దాక.

మార్చి ముప్పై ఒకటి, రాత్రి తొమ్మిదిన్నర.
తాహెరలీ భాయ్ ఫోను.
"బేటీ, నీ ప్రోగ్రాం
ముప్పావు ఇంచు బోల్టును ఏప్రిల్ మూడో తారీఖంటున్నది.
అర ఇంచుది ఫిబ్రవరి ఒకటంట.
నేను బోల్టులమ్మాల్నా, క్యాలెండర్లా?"

షట్టరు సగం దించి ఉన్నది. వంగి లోపలికి పోయిన.
గ్రీసు వాసన. కాంటా మీద పండుకున్న పిల్లి.
పన్నెండు దాటినంక దొరికింది తప్పు,
అంకెల నడుమ ఒక ఏటవాలు గీత.

నాలుగు వేల రకాలు మళ్ల మొదటి నుంచి ఎక్కుతుంటె
భాయ్‌కి చెప్పని సంగతొకటి యాదికొచ్చింది.
మాదాపూర్ల ఒక కంపెనీ
నా ప్రోగ్రాంకు నీలిరంగు పూసి
నెలకు పన్నెండు వందల కిరాయకిస్తున్నది.
తప్పు కాదు. ఆ హక్కు రాసిచ్చింది నేనే.
నా పేరు కూడ ఉన్నది, అట్టడుగున, ఆవగింజంత.
అది చూసిన రాత్రి నిద్ర పట్టలే, అదీ నిజమే.
ఇగ తాళం వేద్దామనుకున్న.
తెల్లారి చూస్తె, జగిత్యాల నుంచి భూలక్ష్మి అట,
ఎవరో తెల్వదు,
నేను పదకొండు వరుసలల్ల తిప్పలు పడ్డ పన్ను లెక్కను
మూడు వరుసలల్ల తేల్చి పంపింది.
ఏమీ అడగలే.
ఇప్పుడు తాళం ఎట్ల వేస్త?
లోపల ఆమెవి మూడు వరుసలున్నయి.

"ఎంత?" అన్నడు తాహెరలీ భాయ్.
రెండు వేలన్న.
"ఉత్తగ అన్నవు గద!"
ప్రోగ్రాం ఉత్తగనే భాయ్. ఈ రాత్రి కాదు.

ఆయన మాట్లాడలే.
డబ్బాలకెల్లి ఒక బోల్టు తీసి
నట్టు ఎక్కించిండు, వేలుతోటి తిప్పుకుంట, తిప్పుకుంట.
"లూధియానా బోల్టు. రాజ్‌కోట్ నట్టు.
ఒకదాని మొకం ఒకటి ఎన్నడూ చూడలే.
అయినా ఎక్కుతున్నది గద.
ఈ చూడీ కొలత ఎవని సొత్తూ కాదు.
దానికి మా బావా పైసలియ్యలే, నేనియ్యలే.
బోల్టు మాత్రం నలభై ఏండ్ల సంది అమ్ముతనే ఉన్న."
నట్టు విప్పి మళ్ల డబ్బాల వేసిండు.
"పద్దెనిమిది వందలు చేస్కో."

బిల్లు కావాలన్నడు.
ఆయన కంప్యూటర్ల, నా ప్రోగ్రాంలనే కొట్టిన.
మొదటి వరుస, సాఫ్ట్‌వేర్. రేటు, సున్న.
గడి ఎర్రగయింది.
"సున్న చెల్లదు. ధర రాయండి."

ఆ నియమం పెట్టిందెవరా అని చూస్తె,
రెండేండ్ల కింద, ఒక ఆగస్టు రాత్రి, నేనే.

"రూపాయి రాయి," అన్నడు భాయ్.
రాసిన.
గల్లాల ఎంత వెతికినా రూపాయి బిళ్ల దొరకలే.
పద్దెనిమిది వందలు చేతికొచ్చినయి.
ఆ ఒక్కటి ఇప్పటికీ బాకీ.