మూడో మెట్టు

ఒలకబోసింది నేనే.
సిరొంచ పాత కచేరి మెట్ల మీద,
మూడో మెట్టు నుంచి అయిదో మెట్టు దాక
నిండు గమేల మాలు.

మీద కొత్త గోడ లేస్తున్నది.
ఓదెలు మేస్త్రి "మాల్ తేవే" అన్నడు.
కింద రోడ్డు మీద, సైకిలు దిగకుండనే
ఎవడో ఒర్రిండు:
ప్రాణహిత మిరపచేన్లల్లకు వచ్చిందని.
గమేల ఎటు పడ్డదో నాకు ఎరుక లేదు.
చెప్పులు గూడ అక్కడనే.

పదకొండు రోజులకు తిరిగొచ్చిన.
నీళ్లు పోయినయి. చేను మీద
జానెడు ఒండ్రు పరుచుకొని, ఎండి, పలిగి,
అప్పడాల లెక్క అంచులు లేపింది.
మెట్ల మీద నా మాలు గూడ ఎండింది.
కాకపోతే దానికి ఒక్క పగులు లేదు.
ఠేకేదారు కక్కుర్తి పడకుండ
సిమెంటు సరిగ పోసిన గమేల
ఆ ఒక్కటే కావచ్చు.

నిఖాడే సాబు హజేరి పుస్తకం తెరవనే లేదు.
"ముందు సాఫ్, తర్వాత పగార్."
డబ్బా ఒకటి తెచ్చి పెట్టిండు.
మూత తీస్తే కండ్లల్ల నీళ్లు. యాసిడ్.
ఓదెలు మేస్త్రి దాన్ని కట్టెతోని దూరం జరిపిండు,
పామును జరిపినట్టు.
"ఇది ఇసుకరాయి పిల్లా.
అది సిమెంటును తింటది,
ఆకలి తీరక రాయిని గూడ తింటది.
తుప్పుమరక నీ మనుమలు గూడ చూస్తరు."

తడిగున్ననాడు గుడ్డపేలిక చాలు, అన్నడు.
అంతకంటె ఏమనలేదు.

రాత్రంత తడి గోనెసంచి కప్పిన.
పొద్దుగాల ఉలిని నిలబెట్టబోతే
చెయ్యి పట్టుకొని పండబెట్టిండు.
"నడుమ పొడవకు. అంచు దేవులాడు.
పెంక మీద జొన్నరొట్టె లేపుతవు గదా, అట్ల."
ఇనుప బురుసు ముట్టనియ్యలేదు.

కట్టె సుత్తె. టిక్. టిక్.
రాయి పలికేది ఒక తీరు,
మాలు పలికేది ఒక తీరు అంటడు.
మొదటి పూటంత నాకు రెండూ ఒకటే.
కారం మెతుకులు తిన్నంక
చెవికి తేడా చిక్కింది.
మాలు ముక్కుతోని మాట్లాడుతది.
రాయి కడుపులకెల్లి.

నష్టపరిహారం కాగితాలు పట్టుకొని
కచేరికి వచ్చేటోళ్లు నన్ను దాటుకుంట పోయిండ్రు.
అందరు మా ఊరోళ్లే. బానక్క ఆగింది:
"చేను గీకేది ఇడిసిపెట్టి
ఇక్కడ గీకుతున్నవా?"
చేనుకు ఏ ఉలి పెట్టాలె, నువ్వే చెప్పు
అని అడగాల్సింది.
పండ్లల్ల దుమ్ము. సుత్తె ఆపలేదు.

నాలుగో మెట్టు కాడ పెద్ద పెచ్చు,
రొట్టెంత, ఒక్కపారి ఊడొచ్చింది.
తిప్పి చూసిన.
ఆ రాయిని మొదట చెక్కినోని ఉలిగాట్లు
అన్నీ దాని కడుపుల అచ్చుపడ్డయి,
లోతు ఎత్తయి, ఎత్తు లోతయి.
వరుసగ, సక్కగ.
ఒక్కతాన మాత్రం గాటు వంకర పోయింది.
వాన్ని గూడ ఎవరో పిలిచి ఉంటరు.
ఏం చెప్పిండ్రో.

మేస్త్రి దాన్ని చేతుల తూచిండు.
"దాచుకో. మంచిగ కలిపినవు."
ఇప్పుడది అంబటి కుండ మూత మీద ఉన్నది,
ఎలుకలు జరపకుండ.

ఎనిమిది రోజుల పగార్ల
నాలుగు కోసిండు నిఖాడే సాబు.
పీచు పెట్టి ఎంత రుద్దినా
మూడో మెట్టుకు పొర మిగిలింది.

వాన పడితే మెట్లన్నీ ఒక్క రంగే.
ఆరేటప్పుడు చూడాలె.
అన్నీ ఎర్రగ తేలినంక
అదొక్కటి, పాలగిలాస తుడిచినట్టు,
ఇంకా తెల్లగ ఉంటది.
కాగితం పట్టుకొని నేనూ పోతున్న
ఈ మధ్య, వారానికి ఒకపారి.
రెండో మెట్టు మీదికెల్లి
నాలుగో దాని మీదికి కాలు చాపుత.