పన్ను ఊడితే

వేల్స్‌లో ఈ కొండకి గాలి పడమటి నుంచి ఎక్కుతుంది,
కిందటి సముద్రం వాసన ఇంకా ఒంటి మీద ఆరకుండానే.
ఆదివారం హెలెద్ అంచున నిలబడి
ఫోమ్ విమానాన్ని దాని చేతుల్లో పెడుతుంది.
ఇంజను లేదు. మీటరున్నర రెక్కలు,
ఏడొందల గ్రాముల బరువు,
అంతే.

ఎగరడం ఎంతసేపు.
దిగడమే తంటా.
చక్రాల్లేని పిట్ట పొట్ట మీదే దిగాలి,
ముళ్ళ దుబ్బుల మీద, గొర్రె పెంటికల మీద.
రెక్క కింద అగ్గిపెట్టెలో సగమంత సర్వో,
బయటికి చాచిన దాని ఒంటి చెయ్యి
గడ్డికి తగులుకుందా, లోపల కటుక్కు.
ఆవగింజంత పళ్ళు మూడో నాలుగో పొడి.
ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి,
ఈ కొండకి రాళ్ళు కరువా?

వారమంతా ఆమె చేసేదీ పళ్ళే.
కింద ఊళ్ళో, పళ్ళ డాక్టర్లకి సామాను చేసే ల్యాబులో
ఎవరెవరి నోళ్ళకో పింగాణీ తొడుగులు.
రాత్రి ఇంట్లో ప్రింటరు ముందు కూర్చుని
సర్వోకి ఒకటి గీసింది.

మొదటిది మహా గట్టిది.
నిండు ప్లాస్టిక్, ఎక్కడా బోలు లేదు.
"నా ట్రాక్టరు ఎక్కినా చెదరదు," అన్నాడు
గొర్రెల ఇద్వాల్.
చెదరలేదు, నిజమే.
రాయికి కొట్టుకుని తాను నిక్షేపంగా ఉండి
సర్వోనీ, దాని చుట్టూ గుప్పెడు ఫోమునీ
పెళ్ళగించుకుని బయటికొచ్చింది.
రెక్కలో గుంట.
ఇద్వాల్ ఒక్కడే నవ్వాడు,
తర్వాత అతనూ మానేశాడు.

సోమవారం బల్ల దగ్గర,
ఎవరిదో దవడ అచ్చు మీద
నాలుగు రోజుల ముచ్చటకి చేసిన తొడుగు సరిచూస్తూ
చెయ్యి ఆగింది.
దీనికి మెత్తటి జిగురే పెడతారు కదా.
ఊడితే ఇదే ఊడాలి,
కింది వేరు కదలకూడదు.

రెండోది మూడు గ్రాములు.
కాగితమంత గోడలు రెండు,
ముందు వైపు గుండ్రం, గడ్డి జారిపోవడానికి,
వెనక తెరిపి, కడ్డీ ఆడడానికి.
నారింజ రంగు, వెతకడానికి.
అంటించింది రెండే రెండు చుక్కల జిగురుతో.

ఇవాళ గాలి ఉన్నట్టుండి చచ్చిపోయింది.
విమానం గోడ పక్కన అడ్డంగా పడింది.
టప్పుమని ఏదో ఎగిరింది.
ఆమె పరుగెత్తలేదు. నడిచింది.
బోర్లా తిప్పి, స్టిక్ కదిపింది:
జీ... పైకి.
జీ... కిందికి.
పళ్ళన్నీ ఉన్నాయి.

అరగంటకి ఇద్వాల్ గోడ దాటొచ్చి
అరిచెయ్యి విప్పాడు.
నడిమికి చీలిన నారింజ చిప్ప,
దానికి చిక్కుకుని ఒక ఉన్ని పోగు.
"నీ పన్నొకటి రాలింది."

"ఉంచుకో," అంది,
కోటు జేబులో చెయ్యి పెట్టి
గలగలలాడే మిగతా వాటిలో
కొత్తది వెతుక్కుంటూ.