ఎడమచేతి జేబు

పూర్ణా మార్కెట్ వెనక, ఉల్లిపాయల గోడౌన్‌ని ఆనుకుని
బర్నబాసు మాస్టారి రేడియో కొట్టు.
పనిలో చేరిన రోజు ఆయన నాతో అన్న మొదటి మాట:
"ఎడం సెయ్యి జేబులో ఎట్టుకోయే పిల్లా."
నా లంగాకి జేబు లేదు.

ఆ రాత్రి మా అమ్మ పాత గలీబు చింపి
ఎడమపక్క ఓ జేబు కుట్టింది.
జీతం దాచుకోడానికి అనుకుంది పాపం.
ఆ జేబులో చెయ్యే ఉండేది.
ఒక చేత్తో దూరిన కరెంటు రెండో చేత్తో దిగిపోతే
దారిలో గుండె తగుల్తుంది కదా.

చెక్కపీట దిగకుండా పని చెయ్యడం నేర్చాను.
ప్లగ్గు పీకేశాం కదా అని కెపాసిటర్‌ని నమ్మకూడదనీ నేర్చాను.
అది అన్నీ కడుపులో పెట్టుకునే రకం.
రెసిస్టరు కాళ్లు ఆనించి
మెల్లగా కక్కించాలి.

ఓ ముసురు రోజు చెంగల్రావుపేట నుంచి
మైలపల్లి పోలమ్మ చేపల తట్టలో సెట్టు తెచ్చింది,
పైన గోనె కప్పి.
"ముట్టుకుంటే సీమ కుట్టినట్టుంటాది బాబూ,
వాన రోజైతే తేలే."
నాబు ఊడిపోయిందట.
ఉత్త ఇనప పుల్ల పట్టుకుని స్టేషన్లు తిప్పుతోందట,
తడి చేత్తో, మట్టి నేల మీద, చెప్పుల్లేకుండా.

"ఎర్త్ కట్టేద్దాం మాస్టారూ!"
పచ్చ వైరు అందుకున్నాను.
ఎన్నడూ గొంతు పెంచని మనిషి కేకేశారు.
సాసీకి టెస్టరు ఆనించారు: ఎర్రగా వెలిగింది.
ప్లగ్గు తిరగేశారు: ఆరిపోయింది.
మళ్లీ తిరగేశారు: మళ్లీ వెలిగింది.
"ట్రాన్స్‌ఫార్మర్ లేని జాతి ఇది. దీని ఒళ్లే లైను.
నేలకి కట్టేవంటే నిప్పులే.
అందరికీ ఒకటే మందు కాదే."

మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి,
పుల్లకి బేకలైట్ నాబు తొడిగి,
స్క్రూ తల కనబడకుండా లక్క పోసి ఇచ్చాం.
పోలమ్మ పదిహేను రూపాయలిచ్చింది,
రెండు కోనాం ముక్కలు కూడా.

మిగతా సెట్లకి మాత్రం నేలే దిక్కు.
పెరట్లో గుంత, అడుగున రాగి రేకు,
చుట్టూ బొగ్గు, రాళ్లుప్పు.
ఈ ఊళ్లో ఉప్పుని నమ్మలేం.
గుంతలో వేస్తే కరెంటుకి దారి చూపిస్తుంది,
సముద్రం మీంచి గాలిలో వచ్చి
అదే వైరుని క్లాంపు దగ్గర కొరికేస్తుంది.
నెలకోసారి గరుకు కాయితంతో గీకుతూనే ఉండాలి.

బోర్డు మీద ఇంకా మాస్టారి పేరే.
నిన్న రోహిణి ఎండకి గుంత నెర్రెలిచ్చింది.
రోజు విడిచి రోజు వచ్చే కుళాయి నీళ్లు
ఓ బకెట్టు పట్టుకెళ్లి పోస్తున్నాను.
గోడౌన్‌లో కొత్తగా చేరిన కుర్రాడు గోడ మీంచి అడిగాడు:
"ఏ మొక్కకి ఆంటీ?"

"రాగి రేక్కి" అన్నాను.
వాడు నవ్వలేదు, నా చుడీదార్ వైపు చూశాడు.
అప్పుడు చూసుకున్నాను
నా ఎడం చెయ్యి ఎక్కడుందో.