ఊకె

"తరచుగా" అన్నాను.
రాజవ్వ చీపురుకట్ట పక్కన పెట్టి
నా నోటివంక చూసింది,
ఇంకేమైనా రాలుతుందేమోనని.

హైదరాబాదులో ముగ్గురం కూర్చుని
ఇంగ్లీషులోంచి తెచ్చి, మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పి
సరిచూసిన మాట అది.
చెన్నారావుపేట తర్వాత రెండు వాగులు దాటేసరికి
చెల్లకుండా పోయింది.

"ఊకెనా?" అంది చివరికి.
"ఊకె ఉరుకుతడు. ఊకె కొడ్తడు.
ఊకోమంటె ఊకోడు."
ఆ రాత్రి తరచుగా అన్న చోటల్లా కొట్టేసి
పెన్సిల్‌తో ఊకె అని రాశాను.

రెండు వారాలకు మళ్లీ అవే ప్రశ్నలు, అదే వరుస.
జవాబు మారకూడదు. మారితే తప్పు ప్రశ్నది.
స్వరూప కొడుకు మణిదీప్‌కు
పోయినసారి ఇరవై ఆరు, ఈసారి తొమ్మిది.
"పిల్లగాడు మారిండా?"
"వాడేం మారలె సారూ.
అప్పుడు పత్తి ఏరుడు. పొద్దుగూకి వస్తె నడుం నిలవకపోయేది.
నాకే కుదురు లేకుండె."
ఫారంలో ఆ జవాబుకు గడి లేదు.
మార్జిన్‌లో 'పత్తి' అని రాసుకున్నాను.

శనివారాలు వరంగల్ నుంచి డాక్టరమ్మ వచ్చేది.
మా మార్కులు ఆమెకు చూపించం.
బడి వరండాలో ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని
తన లెక్క తాను వేసుకునేది.
ఆఖరి శనివారం రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే
దాదాపు కలిశాయి.
మిర్చి బజ్జీలు తెప్పించాం.

ఆ నూనె చేతులతోనే తిప్పుతుంటే
నూట పద్నాలుగో నంబరు.
భూక్యా సంజన, తొమ్మిదేళ్లు. మా మార్కులు రెండు.
ఆ ఇంట్లో ఎంత తొందరగా అయిపోయిందో గుర్తొచ్చింది.
కొడ్తదా? లేదు. ఉరుకుతదా? లేదు. చెప్పిన మాట?
వింటది.
నాయనమ్మ ప్రశ్నను తన బోలిలో ఒకసారి అనుకుని
తెలుగులో మురిసిపోయింది:
"మస్తు మంచిది సారూ. ఊకనే ఉంటది."
చాయ్ కూడా పోసింది.

డాక్టరమ్మ కాగితంలో అరపేజీ ఉంది.
బడిలో నోరు విప్పక ఏడాదిన్నర.
గోరు చుట్టూ కొరికి కొరికి
చూపుడువేలు పెన్సిల్ పట్టదు.

"జల్లెడన్నాక ఒకటి జారుతుంది,
మన శాతం బాగానే ఉంది" అన్నాడు లెక్కలాయన.
బాగానే ఉంది. నేనే కూడాను.

మర్నాడు బండి మీద తండాకు పోయాను.
అడగడానికి చేతిలో ప్రశ్న లేదు.
వాకిట్లో ఎండబోసిన మక్కల దగ్గర
సంజన కోళ్లను తోలుతోంది,
చేత్తో,
చప్పుడు లేకుండా.