తొమ్మిదింటి బస్సు

డ్రమ్ముల మీద ఊరి పేరు కొట్టేది నా పని.
రేకు అచ్చు ఆనించి, నల్లరంగు అద్ది,
పదకొండేళ్లుగా ఒకే రేవు పేరు.
రెండొందల పదహైదు కిలోల తోతాపురి గుజ్జు
చిత్తూరులో లారీ ఎక్కి, చెన్నైలో ఓడెక్కి
నాకు నోరు తిరగని ఆ దీవికి పోతాంది.
ఒక్క డ్రమ్మన్నా తిరిగొచ్చి
ఆడ నీళ్లు ఎట్లుండాయో చెప్పలా.

కనుక్కున్నది షంషాద్.
బాయిలర్ వెనక నీడలో పెరుగన్నం తింటా
ఫోను నా ముఖం ముందర పెట్టి
"చూడు మే, నీ ఊరు" అనింది.
ఇసుక, వక్కాకు నమిలి నోరు కడుక్కున్నాక
పెదిమి మీద మిగిలే రంగు.
నీళ్లు ఏ రంగని చెప్పేది?
మా ల్యాబు గోడమీది రంగుల చార్టులో అది లేదు,
మాది పసుపు నుంచి నారింజ దాకానే.

ఆ దినం నుంచి లెక్కలే.
పాత బ్యాచ్ కార్డు వెనక పెన్సిల్తో రాసుకున్నాం:
చెన్నై దాకా రాణిపేట మీద బస్సు.
ఆడినుంచి రెండు విమానాలు,
నడాన ఏడు గంటలు ఊరికే కూర్చోవాల.
రేవు ఊర్నించి ఆ బీచికి పొద్దున తొమ్మిదింటికి ఒకే బస్సు,
తిరిగి నాలుక్కి. తప్పితే అంతే.
"దీనికన్నా మన పీలేరు బస్సే నయం."
బస్సు దిగి మోకాలి లోతు నీళ్లలో నడిచి దాటితే
అసలు ఇసుక అవతల ఉండాదంట.
"మోకాలంటే ఎవరి మోకాలు?" అన్నా.
ఆ దొరసాన్ల మోకాలు మనకు నడుముకొస్తాది.
నవ్వి నవ్వి షంషాద్‌కు పొలమారింది.

చీర తడిస్తే బరువు, చుడీదారే మేలు.
ఇద్దరికీ ఒక గొడుగు.
మామిడి ఊరగాయ విమానంలో పోనిస్తారా,
కనుక్కోవాల.

కలెక్టరాఫీసు ఎదురుగా ఉండే ఏజెంటు
ఆర్నెల్ల బ్యాంకు పుస్తకం అడిగినాడు.
నాది తిరగేసి కూడా నవ్వలా. మంచోడు.
"ఎందుకు పోతాండారో రాయాల" అన్నాడు,
పనికా, చదువుకా, చుట్టాలింటికా, చూడ్డానికా.
"ఆ నీళ్లలో కాసేపు నిలబడేదానికి" అన్నా.
ఆ గడి లేదంట.

జూన్ వచ్చింది.
గేటు బయట ట్రాక్టర్ల వరస నీవా వంతెన దాకా,
మూడు దినాలుగా కాయల మీదే తువ్వాలు పరుచుకుని రైతులు.
ధర పొద్దునొకటి, మాపుకొకటి.
వాళ్ల ముందర గేటు దాటతా
సంచిలో బ్యాచ్ కార్డు తడుముకున్నా
దొంగసొత్తు మాదిరి.
ఒకాయన నీళ్లడిగితే సీసా ఇచ్చినా.
"ఈ గుజ్జంతా యాడికి పోతాది మ్మా?"
చెప్పినా.
ఇసుక రంగు కూడా చెప్పినా, ఎందుకో.
తాగిన సీసా మూత బిగించి బిగించి
"ఆడ చలేస్తాదా?" అన్నాడు.
తెలీదన్నా.
ఆ రాత్రి షిఫ్టులో కార్డు మీద
ఆయన ప్రశ్న కూడా రాసుకున్నాం.
దాని కింద: రెండు దుప్పట్లు.

చీటీ ఇంకా ఇరవైరెండు నెలలుంది.
పోయిన శనివారం షంషాద్ రబ్బరు చెప్పులు కొన్నాది,
రెండు జతలు.
ఆ నీళ్లలో రాళ్లు గుచ్చుకుంటాయంట.
నా జత ఒక సైజు పెద్దది.

పని ముగిసినాక, నేల కడిగే పైపు విప్పినాక,
తొడుక్కుని దిగినా.
చీలమండల దాకా గుజ్జు కడిగిన పసుపు నీళ్లు,
కాలికింద ఒకటో రెండో టెంకలు.
అవతల కన్వేయర్ పక్కన లంగా ఎత్తిపట్టుకుని
షంషాద్ అరిచింది: "దాటినావా మే?"

"ఉండు, చెప్పు జారతాంది."