పన్నెండు గళ్ళ కిటికీ

ఎడిన్‌బరాలో మా ఫ్లాటు మూడో అంతస్తు.
ఇల్లు నాది, నెలనెలా వాయిదా నాది,
కిటికీ మాత్రం చరిత్రది.

నవంబరులో కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది.
రెండు పొరల అద్దాలు కుదరవు,
ప్లాస్టిక్ చట్రం ఊసే ఎత్తొద్దు,
వీధిలోంచి చూసేవాడికి
రెండు వందల ఏళ్ళ నాటి ముఖమే కనబడాలి.
ఎంతో మర్యాదగా రాశారు.
సంతకం మాత్రం ఎక్కడా వణకలేదు.

వీధిలోంచి చూసేవాడి సంగతి సరే,
లోపల కూర్చుని చూసేదాని మాటేమిటి?
రెండు స్వెటర్లు, ఉన్ని మేజోళ్ళు,
ఒళ్ళో వేడినీళ్ళ సంచి.
అన్నం కలిపేలోపే చారు చల్లారిపోయే ఆ ఇంట్లో
గ్యాసు బిల్లొక్కటే వేడిగా ఉండేది.

ఇన్నెస్ గాల్‌బ్రెయిత్ వచ్చాడు, కిటికీల వడ్రంగి.
గడ్డంలో రంపంపొట్టు, చెవి వెనక పెన్సిలు.
"గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో ముందు చూద్దాం,
పొగొచ్చేదేమైనా ఉందా ఇంట్లో?"
వంటింట్లోంచి అగరుబత్తి తెచ్చి వెలిగించాను.
దేవుడి ముందు నిటారుగా లేచే పొగ
కిటికీ నడిమి పట్టె దగ్గర
నడుం విరిగినట్టు లోపలికి వంగింది.
కింది గడప దగ్గర చెల్లాచెదురైంది.
కుడి మూల మాత్రం, ఎందుకో, కదల్లేదు.
సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంటూ పోయాడు ఇన్నెస్
మల్లెల వాసనలో నిలబడి,
చర్చి మొహం కూడా చూడని మనిషి,
పన్నెండు గళ్ళకీ హారతి పట్టినంత శ్రద్ధగా.
"అద్దాన్ని అనకు," అన్నాడు, "దొంగలు సందుల్లో ఉన్నారు."

ఆ అద్దం నాకు ఇష్టమే, నిజానికి.
మూడో గడిలో నువ్వుగింజంత బుడగ ఉంది.
దాని వెనక నుంచి ఇరవై రెండో నంబరు బస్సు
ప్రతిసారీ ఒక్క క్షణం వంగి, మళ్ళీ బస్సవుతుంది.

పక్క చెక్క ఊడదీస్తే గోడలో చీకటి గూడు.
అడుగున ఇనుప గుండు, తాడు తెగి,
నూతిలో జారిపోయిన చేదలా.
అందుకేనా నాలుగేళ్ళుగా పై రెక్క
అట్లకాడ ఆనిస్తే తప్ప నిలబడనిది!
కొత్త తాడు పేనాడు. కింది పట్టెకి చిత్రిక పట్టాడు.
ఎండి రాలుతున్న లప్పం గీకి కొత్తది పెట్టాడు.
గాడిలో సన్నటి కుచ్చు పట్టీ దూర్చాడు,
పిల్లి మీసంలా, బయటికి కనబడకుండా.
లోపలి వైపు అయస్కాంతంతో అంటుకునే పలచటి రేకు.
కావాలంటే తీసేయొచ్చు కనక కౌన్సిల్ అడ్డు చెప్పలేదు.
చరిత్ర కోటు కింద తొడుక్కున్న బనీను.

తర్వాత, నేను గోడనుకుని
క్యాలెండరు తగిలించిన చోట
చాకుమొనతో ఒక గీత గీశాడు.
ఏడు పూతల రంగు పటపటమంది.
గోడ విప్పుకుంది!
మడతపెట్టిన చెక్క రెక్కలు, ఇత్తడి గొళ్ళెం,
ఎవరో ఎప్పుడో మూయడం మానేసిన రాత్రులు.
మడత సందులో కుక్కిన పాత గుడ్డలు,
ఒక కాలి మేజోడు, ఉండచుట్టిన కాగితం.
విప్పితే బొగ్గుల కొట్టు చీటీ:
రెండు బస్తాలు, మిస్ గ్రిజెల్ మ్యూర్, మూడో అంతస్తు.
తారీఖు చెరిగిపోయింది.
బాకీ చెరగలేదు.

ఇన్నెస్ చదివి నవ్వలేదు.
టీ అడిగాడు, రెండు చెంచాల చక్కెర.

చీకటి పడ్డాక మళ్ళీ అగరుబత్తి వెలిగించాను.
నడిమి పట్టె దగ్గర పొగ నిటారుగా లేచింది.
గడప దగ్గరా అంతే.
ఇన్నాళ్ళూ కదలని కుడి మూల మాత్రం
ఇప్పుడు కొంచెం వంగుతోంది.
ఫోన్ చేసి చెప్పాను.
"వంగనీ, ఇల్లు కూడా ఊపిరి తీసుకోవాలి కదా,"
అని పెట్టేశాడు.

చీటీని మడత సందులోనే తిరిగి పెట్టాను,
మేజోడుతో సహా.
దాని మీద జనవరి గ్యాసు బిల్లు,
కట్టేసినదే.
గ్రిజెల్, నీది ఎంత పెన్నీలో గాని
నాది చూస్తే నీకు కళ్ళు తిరుగుతాయి.
రెక్కలు మూసి గొళ్ళెం పెట్టాను.
చారు ఇంకా వేడిగానే ఉంది.